పిల్లల నేరాలు, మెదడులో తేడాలు: స్కాన్ తీయిస్తే కేసుకి పనికొస్తుందా?

బడిపంతులు_బరంపురం

అందరికీ నమస్కారం. పాతికేళ్ళుగా బరంపురంలో లెక్కలు, సైన్సు ట్యూషన్లు చెబుతున్నాను. కొన్నాళ్ళు నా దగ్గర చదివి మానేసిన ఒక గుంటడి గురించి అడగాలని రాస్తున్నాను.

వాడికి పదిహేడు నిండి మూడు నెలలైంది. గంజాం తీరాన సముద్రం మీద బతికే మన తెలుగు కుటుంబం. తండ్రి చెన్నై వైపు బోట్ల పనికి వెళ్ళి ఏడాదికి రెండుసార్లు ఇంటికొస్తాడు. తల్లి ఎండుచేపలు అమ్ముతుంది. వీడు ఏడో తరగతిలో బడి మానేసి వలలు బాగుచేసే పనిలో పడ్డాడు. ఆ పనిలో వాణ్ణి చూడాలి. తెగిన కన్ను ఎక్కడుందో కళ్ళతో వెతకడు, వేళ్ళతో తడుముకుంటూ వెళ్ళి అక్కడ ఆగుతాడు.

పోయిన నెల నలుగురు కలిసి రాత్రిపూట హైవే పక్కన ఒక కొట్టు మీద పడ్డారు. మిగతా ముగ్గురూ ఇరవై దాటినవాళ్ళు. ఒకడు కత్తి చూపించాడు, ఇద్దరు గల్లాపెట్టె ఖాళీ చేశారు. మావాడు బయట బండి ఆపకుండా స్టార్టింగ్‌లో ఉంచాడు. మర్నాడు మధ్యాహ్నానికల్లా అందరూ దొరికిపోయారు. పెద్దవాళ్ళు జైల్లో, వీడు అబ్జర్వేషన్ హోంలో ఉన్నారు. వీణ్ణి కూడా పెద్దవాడిలాగే విచారించాలా అన్నది జువెనైల్ జస్టిస్ బోర్డు తేల్చాలట.

ఆదివారం వాళ్ళమ్మ నా దగ్గరకు వచ్చింది. పని మధ్యలో లేచి వచ్చినట్టుంది, చేతులకి ఇంకా ఉప్పు అంటుకుని ఉంది. "మాష్టారూ, ఈడి బుర్రలో ఏదైనా తేడా ఉందంటారా? చిన్నప్పుడు ఇలా లేడు కదా" అని అడిగింది. పేపర్లో వచ్చిందని ఎవరో చెప్పారట: నేరాలు చేసే కుర్రాళ్ళ మెదడు స్కాన్‌లో వేరేగా కనిపిస్తుందని, విశాఖపట్నం తీసుకెళ్ళి తీయించి ఆ కాగితం చూపిస్తే వదిలేస్తారని. ముక్కుపుడక తాకట్టు పెడతానంటోంది.

నాకు సైన్సు పదో తరగతి దాకానే వచ్చు. తెలిసినవాళ్ళు చెప్పండి. నిజంగా తేడా ఉంటుందా? ఉంటే అది ఆ పిల్లాడికి మేలు చేస్తుందా, కీడు చేస్తుందా?

నిర్వాహకులు

మాష్టారూ, మీ పోస్టులో ఊరి పేరు ఉంటే తీసేశాం. జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ ప్రకారం ఇలాంటి కేసులో పిల్లవాణ్ణి గుర్తుపట్టే వివరమేదీ బయట పెట్టకూడదు. పేరు, బడి, ఊరు, ఫొటో ఏదీ వద్దు. జవాబు రాసేవాళ్ళు కూడా ఊహించి అడగకండి.

సైకాలజీ_జయపురం

మాష్టారూ, ముందు ఆ తల్లిని ముక్కుపుడక తాకట్టు పెట్టనివ్వకండి. ఎందుకంటున్నానో చెప్పాలంటే కొంచెం పొడుగ్గా రాయాలి.

పేపర్లో వచ్చింది అబద్ధం కాదు. నుదుటి వెనక ఉండే భాగాన్ని ప్రీఫ్రంటల్ కార్టెక్స్ అంటాం. ఆగడం, ముందువెనకలు చూసుకోవడం, నోటిదాకా వచ్చిన మాట మింగేయడం ఇవన్నీ దాని పనులు. అమెరికాలో జే గీడ్ బృందం ఒకే పిల్లలకి మళ్ళీ మళ్ళీ ఎంఆర్ఐ తీస్తూ వచ్చి 1999లో ఫలితాలు ప్రచురించింది. మెదడులో చివరగా పక్వానికి వచ్చేది ఈ ముందు భాగమేనని ఆ తర్వాతి పరిశోధనలు కూడా చూపించాయి. ఇరవై దాటి పాతికకి దగ్గరపడే వరకు ఆ పని నడుస్తూనే ఉంటుంది. ఇది నేరం చేసిన పిల్లలకే కాదు, మీ ట్యూషన్‌లో మొదటి బెంచీ పిల్లలకీ ఇంతే.

మెదడు లోపలి భాగంలో ఆనందం, బహుమతి, హుషారు చూసుకునే చోటు ఒకటుంది. వెంట్రల్ స్ట్రయేటమ్ అంటాం. అది పద్నాలుగు, పదిహేనేళ్ళకే మహా జోరుగా ఉంటుంది. బండి పికప్ ముందు వచ్చేసింది, బ్రేకులు ఇంకా బిగించలేదు అనుకోండి.

మీవాడి కేసుకి బాగా దగ్గరైన ప్రయోగం ఒకటి చెబుతాను. లారెన్స్ స్టైన్‌బర్గ్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు కంప్యూటర్‌లో కారు నడిపే ఆట ఆడించారు. లైటు పసుపు రంగులోకి మారుతుంది. ఆగితే క్షేమం, దూసుకెళ్తే పాయింట్లు వస్తాయి, కానీ గుద్దుకోవచ్చు. టీనేజి పిల్లలు ఒంటరిగా ఆడినప్పుడు పెద్దవాళ్ళకంటే అంత ఎక్కువగా తెగించలేదు. పక్కన స్నేహితులు నిలబడి చూస్తుంటే మాత్రం తెగింపు బాగా పెరిగింది. పెద్దవాళ్ళలో ఆ మార్పు దాదాపు లేదు. ఇది 2005లో. 2011లో అలాంటి ఆటనే స్కానర్‌లో పడుకోబెట్టి ఆడించారు. స్నేహితులు చూస్తున్నారని తెలిస్తే చాలు, ఆ స్ట్రయేటమ్ టీనేజి పిల్లల్లో మరింత చురుగ్గా పనిచేసింది.

ముగ్గురు పెద్ద కుర్రాళ్ళు, రాత్రి, బండి స్టార్టింగ్‌లో. చదవగానే నాకు ఆ ఆటే గుర్తొచ్చింది.

ఇక స్కాన్ ఎందుకు వద్దంటున్నానంటే, ఈ పరిశోధనలన్నీ గుంపుల సగటులు. ఇటు వందమంది, అటు వందమంది పిల్లల్ని పోలిస్తే సగటులో తేడా కనిపిస్తుంది. ఒక్క పిల్లాడి ఫొటో చేతికిచ్చి "వీడు నేరం చేస్తాడా" అంటే ప్రపంచంలో ఏ డాక్టరూ చెప్పలేడు. గడ్డ, పాత దెబ్బ గుర్తు లాంటివేమైనా ఉంటే మామూలు ఎంఆర్ఐలో తెలియవచ్చు. అలాంటి అనుమానం ఉంటే ప్రభుత్వ ఆసుపత్రి డాక్టరే రాస్తారు. లేకపోతే "నార్మల్" అని వస్తుంది. అప్పుడు ఆ కాగితాన్నే ఎదుటి లాయరు వీడికి వ్యతిరేకంగా చదువుతాడు.

కిరాణా_గుణుపురం

నేను వేరే వైపు నుంచి మాట్లాడతాను, ఎవరూ తప్పుగా అనుకోవద్దు.

మూడేళ్ళ కిందట నా కొట్టులో కూడా ఇలాంటిదే జరిగింది. నా మెడ మీద కత్తి పెట్టినవాడికి పదిహేడేళ్ళని తర్వాత తెలిసింది. ఆ కత్తి కొబ్బరికాయలు కొట్టేది. ఇనుము చల్లగా తగిలింది, ఇప్పటికీ రాత్రి షట్టర్ దించేటప్పుడు మెడ దగ్గర ఆ చల్లదనం తెలుస్తుంది. ఎనిమిదింటికే మూసేస్తున్నాను. మా ఆవిడ గల్లా దగ్గర కూర్చోవడం మానేసింది. ఆదాయం తగ్గింది, దానికంటే ధైర్యం తగ్గింది.

వాడి మెదడు ఎదగలేదు, బ్రేకులు బిగించలేదు అని మీరు చెబుతున్నారమ్మా. నిజమే అయి ఉండవచ్చు. కానీ ఆ వయసు పిల్లలు మా వీధిలో వందమంది ఉన్నారు, వాళ్ళెవరూ కత్తి పట్టలేదు కదా? మెదడు పేరు చెప్పి అందరినీ వదిలేస్తే నాలాంటివాళ్ళు ఎవరికి చెప్పుకోవాలి? నేను నిజంగానే అడుగుతున్నాను.

సైకాలజీ_జయపురం

అన్నగారూ, మీరు అడిగింది న్యాయమైన మాట. మెదడు ఎదగలేదు కాబట్టి తప్పు లేదని నేను అనను. వందలో తొంభై తొమ్మిది మంది పట్టలేదన్నారే, ఆ ఒక్కడు ఎందుకు పట్టాడన్నదే మా చదువంతా. దాని గురించి డ్యూటీ అయ్యాక తీరిగ్గా రాస్తాను. మీకు ఇంకా నిద్ర సరిగా పట్టకపోతే, షట్టర్ దగ్గర ఆ వణుకు పోకపోతే, అది కూడా మెదడుకి తగిలిన దెబ్బే. దానికి వైద్యం ఉంది, దయచేసి ఒకసారి చూపించుకోండి.

వకీలు_పర్లాకిమిడి

చట్టం వైపు నుంచి నేను చెబుతాను. మాష్టారూ, ఇవి ఆ తల్లికి అర్థమయ్యేలా చెప్పండి.

1986 చట్టంలో మగపిల్లలకి పదహారేళ్ళు దాటితే పెద్దవాళ్ళ కింద లెక్క. 2000 చట్టం దాన్ని పద్దెనిమిదికి పెంచింది. 2012 డిసెంబరు ఢిల్లీ ఘటన తర్వాత దేశమంతా కోపంతో ఊగిపోయింది. అందులో ఒకడు పద్దెనిమిది నిండనివాడు, మూడేళ్ళు హోంలో ఉండి బయటికొచ్చాడు. ఆ వేడిలో 2015 చట్టం వచ్చింది, 2016 జనవరి 15 నుంచి అమల్లో ఉంది. పదహారు నిండి పద్దెనిమిది దాటని పిల్లలు కనీసం ఏడేళ్ళ శిక్ష పడే నేరం చేశారన్న ఆరోపణ ఉంటే, 15వ సెక్షన్ కింద బోర్డు ప్రాథమిక అంచనా వేయాలి. మారణాయుధంతో దోపిడీకి కనీస శిక్ష ఏడేళ్ళు. కత్తి వీడి చేతిలో లేకపోయినా ఆ నేరమే పెట్టారు కాబట్టి కేసు అక్కడ పడింది.

బోర్డులో ఒక మేజిస్ట్రేటు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు ఉంటారు, ఆ ఇద్దరిలో కనీసం ఒకరు మహిళ. వాళ్ళు చూసేది ఇవి: ఆ నేరం చేసే మానసిక, శారీరక శక్తి వీడికి ఉందా, దాని ఫలితం ఏమవుతుందో తెలిసే వయసు మనసుకి వచ్చిందా, ఏ పరిస్థితుల్లో జరిగింది. వాణ్ణి హాజరుపరిచిన రోజు నుంచి మూడు నెలల్లో ఇది తేల్చాలి. ఇది విచారణ కాదు, తప్పు చేశాడా లేదా అన్నది ఇక్కడ తేల్చరు. మనస్తత్వ నిపుణులు బోర్డులో లేకపోతే బయటి నుంచి వాళ్ళ సాయం తీసుకోవాల్సిందేనని 2022 జులైలో సుప్రీంకోర్టు చెప్పింది.

స్కాన్ విషయంలో జయపురం అమ్మాయి చెప్పిందే నా మాట కూడా. ఇంకో ప్రమాదం ఉంది. "వీడి మెదడే ఇంత" అని మనమే రాసిస్తే, "అయితే వీడు మారడు, బయట ఉంచితే ప్రమాదం" అని అదే కాగితం తిరగబడుతుంది. రెండువైపులా పదునున్న కత్తి అది. బ్రెయిన్ మ్యాపింగ్ అని, నేరం సంగతి గుర్తుందా అని మెదడు తరంగాలతో చూసే పరీక్ష గురించి ఎవరైనా చెబితే నమ్మకండి. మనిషి ఒప్పుకోకుండా అది చేయకూడదని 2010లోనే సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది.

మెదడు పరిశోధన కోర్టుల్లో పనికిరాలేదని కాదు. అమెరికా సుప్రీంకోర్టు 2005లో పద్దెనిమిది నిండనివాళ్ళకి మరణశిక్ష రద్దు చేసింది. ఆ కేసులో అక్కడి వైద్య సంఘం, మనస్తత్వ శాస్త్ర సంఘం ఎదిగే మెదడు గురించి కోర్టుకి రాసి ఇచ్చాయి. అక్కడ అది ఒక ఈడు పిల్లలందరి తరఫున మాట్లాడింది. ఒక్కడి స్కాన్ పట్టుకెళ్ళి చూపించలేదు.

మెకానిక్_ఛత్రపురం

ఈ వేదికలో చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు. ఇది మాత్రం రాయాలనిపించింది.

పదహారేళ్ళప్పుడు నేను కూడా హోంలో ఏడు నెలలు ఉన్నాను. ఏ హోమో చెప్పను. మోటారు సైకిళ్ళ దొంగతనం. ఇప్పుడు ముప్పై రెండు, సొంత షెడ్డు ఉంది, ఇద్దరు కుర్రాళ్ళకి పని నేర్పుతున్నాను. మా ఆవిడకి అంతా తెలుసు, పిల్లలకి ఇంకా చెప్పలేదు.

సైకాలజీ అక్క రాసిన కారు ఆట చదివి చాలాసేపు అలా కూర్చుండిపోయాను. నేను ఒక్కణ్ణీ ఉన్నప్పుడు ఎప్పుడూ దొంగతనం చేయలేదు. ఒక్కసారి కూడా. ముగ్గురం కలిస్తే చేసేవాళ్ళం. తాళం వైరు తెంపి కలిపేటప్పుడు వెనక ఒకడు "తొందరగా రా" అంటుంటే చెవుల్లో హోరు, కడుపులో తేలిపోతున్నట్టు ఉండేది. డబ్బు కోసం కాదు. రెండు బళ్ళు అమ్మనైనా అమ్మలేదు, తోటలో వదిలేశాం. పోలీసులు ఎందుకు చేశావురా అంటే చెప్పడానికి మాట లేదు. ఇంకా దాస్తున్నానని కొట్టారు.

హోంలో నాకు మంచి జరిగింది అంటే ఒక్క మనిషి వల్ల. వడ్రంగం నేర్పించే పెద్దాయన ఉండేవాడు. చెక్క చిత్రిక పట్టేటప్పుడు నా చేతి మీద ఆయన చెయ్యి పెట్టి, "ఆగు, చెక్క పోగు ఎటుందో చూసి తొయ్యి" అనేవాడు. రోజుకి నలభైసార్లు ఆ ఆగు అన్న మాట. ఇప్పుడు బోల్టు బిగుసుకుపోయి స్పానర్ జారి కోపం వచ్చినప్పుడు అదే గొంతు వినిపిస్తుంది.

మాష్టారూ, మీకు ఒకటే అడుగుతాను. వాణ్ణి ప్రశ్నలు అడిగింది ఏ భాషలో? నన్ను అడిగినవాళ్ళది కాగితం ఒడియా. బజార్లో బేరమాడే ఒడియా నాకు వచ్చు. ఆ కాగితం ఒడియా రాదు. సగం ప్రశ్నలకి తల ఊపాను. దేనికి ఊపానో ఇప్పటికీ తెలియదు.

బడిపంతులు_బరంపురం

తమ్ముడూ, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. భాష సంగతి నాకు తట్టనే లేదు. కనుక్కుంటాను.

సూరత్_నుంచి

నేను ఆస్కా దగ్గరి ఊరివాణ్ణి, పదకొండేళ్ళుగా సూరత్‌లో మరమగ్గాల మీద. నా కొడుకుకి పదిహేను. రాత్రి షిఫ్టులో ఇది చదువుతుంటే చేతులు చల్లబడ్డాయి. మావాడు కూడా పెద్ద కుర్రాళ్ళతో తిరుగుతున్నాడని మా అమ్మ ఫోన్లో చెప్పింది. నేను అక్కడ లేను. ఇక్కణ్ణుంచి తిడితే ఫోన్ ఎత్తడం మానేస్తున్నాడు. ఏం చేయమంటారు?

సైకాలజీ_జయపురం

సూరత్ అన్నయ్యా, తిట్టకండి. రోజూ ఒకే టైముకి ఫోన్ చేసి, ఏం తిన్నావు, ఎవరితో ఆడావు అని రెండు మాటలు అడగండి. వాడు చెప్పకపోయినా మర్నాడు అదే టైముకి చేయండి. ఊళ్ళో వాడికి ఇష్టమైన ఒక పెద్దమనిషి, మేనమామ కావచ్చు, కోచ్ కావచ్చు, ఒకరిని చూసి పెట్టమనండి. రాత్రి పన్నెండు దాకా ఫోన్ చూస్తుంటే అది ముందు ఆపించండి. నిద్ర చాలని మెదడుకి ఆ బ్రేకు ఇంకా వదులవుతుంది.

ఇక కిరాణా అన్నగారు అడిగిన ఆ ఒక్కడి సంగతి.

టెరీ మొఫిట్ అనే ఆమె 1993లో ఒక మాట అన్నారు: టీనేజిలో తప్పులు చేసే పిల్లలు రెండు రకాలు. ఎక్కువమంది ఆ వయసులో మొదలుపెట్టి ఆ వయసుతోనే ఆపేస్తారు. కొద్దిమంది చిన్నప్పుడే, మూడో నాలుగో ఏటి నుంచే దుడుకుగా ఉండి పెద్దయ్యాక కూడా ఆపరు. ఆమె పనిచేసేది న్యూజిలాండ్‌లోని డునెడిన్ పరిశోధనలో. 1972–73లో ఆ ఊళ్ళో పుట్టిన 1037 మంది పిల్లల్ని పుట్టుక నుంచి ఇప్పటిదాకా వెంట ఉండి చూస్తున్నారు. వాళ్ళలో 672 మందికి నలభై ఐదో ఏట మెదడు స్కాన్ తీసి 2020లో ఫలితం చెప్పారు. జీవితమంతా ఆపకుండా సాగినవాళ్ళు 80 మంది. వాళ్ళ మెదడు పైపొర సగటున పలచగా, తక్కువ వైశాల్యంతో ఉంది. టీనేజిలో మాత్రమే తప్పులు చేసి మానేసినవాళ్ళు 151 మంది. వాళ్ళ మెదడులో ఏ తప్పూ చేయనివాళ్ళతో పోలిస్తే అంత విస్తారమైన తేడాలు కనిపించలేదు.

మెకానిక్ తమ్ముడూ, నువ్వు ఆ మానేసినవాళ్ళ వరసలో ఉంటావని నా నమ్మకం.

ఆ 80 మంది విషయంలో కూడా జాగ్రత్తగా మాట్లాడాలి. స్కాన్ తీసింది నలభై ఐదేళ్ళప్పుడు. పుట్టుకతోనే అలా ఉందా, దెబ్బలు, మత్తు, పేదరికం, జైలు కలిసి అలా చేశాయా అన్నది ఆ ఒక్క ఫొటోతో తేలదు.

ఇంకొకటి. "నేరం చేసే పిల్లల మెదడు" అని ఒకే రకం లేదు. భయాన్ని, బెదిరింపుని పసిగట్టే చిన్న భాగాన్ని అమిగ్డలా అంటాం, బాదంగింజ ఆకారంలో ఉంటుంది. ఎసీ వైడింగ్ బృందం లండన్‌లో ఇలాంటి పిల్లల్ని పరిశీలించింది. భయపడిన మొహం కన్ను గుర్తించలేనంత వేగంగా చూపించినప్పుడు ఎదుటివాడి బాధ పట్టని పిల్లల్లో అమిగ్డలా తక్కువగా స్పందించింది. అదే గొడవలు చేసే, కానీ ఎదుటివాడి బాధ తెలిసిన పిల్లల్లో ఎక్కువగా స్పందించింది. ఒకడికి మంట తక్కువ, ఒకడికి మంట ఎక్కువ, ఇద్దరికీ మనం పెట్టే పేరు మాత్రం ఒకటే. భుజం తగిలితే చాలు "నన్నే కావాలని తోశాడు" అని పైబడే పిల్లలు ఈ రెండో రకం. చిన్నప్పటి నుంచి ఇంట్లో దెబ్బలు తిన్నవాళ్ళలో వీళ్ళని ఎక్కువగా చూస్తుంటాను. వాళ్ళకి ప్రతి మొహంలో తిట్టే కనిపిస్తుంది.

అన్నగారూ, మీ మెడ మీద కత్తి పెట్టినవాడు ఏ రకమో నాకు తెలియదు. కానీ వాణ్ణి మళ్ళీ పట్టనివ్వకుండా చేయాలంటే ఏ రకమో తెలుసుకోవాలి, ఒకడికి పనిచేసిన వైద్యం ఇంకొకడికి పనిచేయదు. అసలు మారరనుకున్న, ఎదుటివాడి బాధ పట్టని మొదటి రకం కూడా పూర్తిగా చేయి దాటిపోలేదు. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలో మెండోటా అనే చికిత్సా కేంద్రం 1995 నుంచి నడుస్తోంది. మిగతా జైళ్ళు మా వల్ల కాదన్న కుర్రాళ్ళని అక్కడికి పంపుతారు. శిక్ష మీద శిక్ష వేయడం ఆపి, రోజూ చేసిన చిన్న మంచికి మర్నాడే ఫలితం అందేలా చూస్తారు. అక్కడి నుంచి వెళ్ళినవాళ్ళు మళ్ళీ హింసకి దిగడం బాగా తగ్గింది.

నర్సు_రాయగడ

సైకాలజీ మేడమ్ రాసినదానికి ఒక చిన్న మాట కలుపుతాను. తలకి దెబ్బ తగిలిందా అని తల్లిని అడగండి మాష్టారూ. జైళ్ళలో, హోంలలో ఉన్న కుర్రాళ్ళలో గతంలో తలకి గట్టి దెబ్బ తగిలి స్పృహ తప్పినవాళ్ళు బయటి పిల్లలకంటే చాలా ఎక్కువని అనేక దేశాల్లో చూశారు. మా దగ్గరకి బండి మీంచి పడ్డ కేసులు వస్తాయి. నెత్తురు కారితే కుట్లు వేయించుకుని వెళ్ళిపోతారు. కారకపోతే రానే రారు. ఆర్నెల్ల తర్వాత "వీడికి కోపం ఎక్కువైంది, మాట వినట్లేదు" అంటారు. ఎవరూ రెండింటినీ కలిపి చూడరు.

జిగురు, పంక్చర్ సొల్యూషన్ పీల్చే అలవాటుందా అని కూడా అడగాలి. గంజాయి సంగతి ఈ సరిహద్దులో ఉన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. కొండల మీది నుంచి సరుకు దించడానికి చిన్న పిల్లల్ని ముందు పెడుతున్నారు.

వకీలు_పర్లాకిమిడి

నర్సమ్మ చెప్పిన చివరి మాట గట్టిది. పిల్లల చేత మత్తు సరుకు మోయించినవాడికి అదే చట్టం 78వ సెక్షన్ కింద ఏడేళ్ళ వరకు కఠిన శిక్ష, లక్ష దాకా జరిమానా. 83వ సెక్షన్ రెండో భాగం ప్రకారం పిల్లల్ని చట్టవిరుద్ధమైన పనికి వాడుకున్న పెద్దవాళ్ళకి ఏడేళ్ళ వరకు శిక్ష, ఐదు లక్షల దాకా జరిమానా. మాష్టారి కుర్రాడి కేసులో ఆ ముగ్గురు పెద్దవాళ్ళ మీద ఈ సెక్షన్ పెట్టారో లేదో వాళ్ళ లాయరు చూడాలి. చాలాసార్లు పెట్టరు.

బడిపంతులు_బరంపురం

నిన్న తల్లితో కలిసి వెళ్ళాను. చూడనిచ్చారు, పావుగంట.

తలకి దెబ్బ తగిలింది, నిజమే. పదకొండేళ్ళప్పుడు తెప్ప ఒడ్డుకి లాగుతుంటే కొయ్య తగిలి పడిపోయాడట, సాయంత్రం దాకా తెలివి లేదట. పసుపు అద్ది పడుకోబెట్టారు. అది ఎవరూ ఎక్కడా రాయలేదు.

భాష సంగతి అడిగాను. తమ్ముడు అనుకున్నట్టే జరిగింది. మొత్తం ఒడియాలోనే అడిగారు. "చాలా ప్రశ్నలకి సమాధానం లేదు, చేసినదానికి బాధ కనబడలేదు" అని రాశారని లాయరు చదివి చెప్పాడు. వాణ్ణే అడిగాను, ఎందుకు మాట్లాడలేదురా అని. నేల చూస్తూ చెప్పాడు: "ఆయన 'పరిణామ' తెలుసా అన్నాడు మాష్టారూ. ప్రణామం చేయమంటున్నాడేమో అనుకుని దండం పెట్టాను. ఆయన మళ్ళీ అదే అడిగాడు. నేను మళ్ళీ పెట్టాను. తర్వాత భయమేసి ఊరుకున్నాను."

ఒడియాలో పరిణామ అంటే ఫలితం. చట్టం అడగమన్న అసలు ప్రశ్నే అది. ఆ ఒక్క మాటకి వీడు రెండుసార్లు దండం పెట్టాడు.

బయటికి వచ్చాక వాళ్ళమ్మ ఏమీ మాట్లాడలేదు. బస్సులో కూర్చున్నాక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

వకీలు_పర్లాకిమిడి

మాష్టారూ, ఇది రాసినందుకు మీకు చేతులెత్తి నమస్కారం. పిల్లవాడికి విచారణ భాష అర్థం కాకపోతే దుబాసీని పెట్టే బాధ్యత బోర్డుదేనని 8వ సెక్షన్‌లో ఉంది. రేపే వాళ్ళ లాయరు చేత దరఖాస్తు పెట్టించండి: ప్రాథమిక అంచనా తెలుగులో మళ్ళీ జరగాలని, తలదెబ్బ గురించి డాక్టరు చేత చూపించాలని. ఒప్పుకోకపోతే 101వ సెక్షన్ కింద సెషన్స్ కోర్టుకి అప్పీలు ఉంది, అక్కడ కూడా నిపుణుల సాయం తీసుకోవచ్చు. దుబాసీగా మీరు కూర్చోకండి, మీకు వాడంటే ప్రేమని ఎదుటివాళ్ళు అంటారు. రెండు భాషలూ చదవను రాయను వచ్చిన రిటైర్డు టీచరెవరైనా మేలు.

సైకాలజీ_జయపురం

ఇందులో నాకు ఇంకో సంగతి కనిపిస్తోంది. తెలుగులో అడిగినా, నిదానంగా గదిలో కూర్చోబెట్టి "దొంగతనం చేస్తే ఏమవుతుంది" అంటే పదిహేడేళ్ళవాడు "జైలుకెళ్తాం" అని చక్కగా చెబుతాడు. ప్రశాంతంగా ఉన్నప్పుడు పదహారేళ్ళ పిల్లల ఆలోచన పెద్దవాళ్ళకి దాదాపు సమానమే. వేడి మీద, నలుగురి మధ్య ఉన్నప్పుడే వెనకబడతారు. అందుకని ఫలితం తెలుసా అని మాత్రమే అడిగి ఊరుకోకూడదు. ఆ రాత్రి ఎవరు పిలిచారు, ఎన్నిసార్లు పిలిచారు, కాదంటే ఏమవుతుందనుకున్నావు, కత్తి ఉందని ఎప్పుడు తెలిసింది, అది చూశాక ఏం చేశావు అని వరసగా అడగాలి. వీలైతే బోర్డు అనుమతితో నేనే వచ్చి కూర్చుంటాను. నా తెలుగు జయపురం తెలుగే అయినా వాడికి అర్థమవుతుంది.

కిరాణా_గుణుపురం

నేను క్షమించే స్థితిలో లేను, అది దాచను. కానీ దండం పెట్టాడన్న మాట దగ్గర ఆగిపోయాను. నా మీద కత్తి పెట్టినవాణ్ణి కూడా ఎవరు ఏ భాషలో అడిగారో నాకు తెలియదు. వాడు సవర పిల్లాడు, వాళ్ళ భాషే వేరు.

ఆ కుర్రాడికి అర్థమయ్యేలా అడగాలి. అడిగాక శిక్ష వేస్తే వేయనీ.

బడిపంతులు_బరంపురం

పదిహేను రోజుల తర్వాత రాస్తున్నాను. లోపల జరిగింది రాయకూడదు, కాబట్టి అనుమతి ఉన్నంతే చెబుతాను.

దరఖాస్తు ఒప్పుకున్నారు. తెలుగు, ఒడియా రెండూ వచ్చిన ఒక రిటైర్డు హెడ్‌మిస్ట్రెస్ దుబాసీగా వచ్చారు. నరాల డాక్టరుకి చూపించమని రాశారు, ప్రభుత్వ ఆసుపత్రిలోనే, డబ్బు లేకుండా. ముక్కుపుడక తల్లి ముక్కుకే ఉంది.

వాడు ఎంతసేపు లోపల ఉన్నాడంటే నేను వరండాలో రెండుసార్లు టీ తాగాను. బయటికొచ్చి నీళ్ళ కుళాయి దగ్గర మొహం కడుక్కుంటూ నాతో ఒక్కటే అన్నాడు. "ఆ కొట్టాయన బాగున్నాడా మాష్టారూ? కత్తి చూశాక బండి దిగుదామనుకున్నాను. వాళ్ళు నవ్వుతారని దిగలేదు."

పై వాయిదా సోమవారం. జయపురం అమ్మాయి ఆదివారం రాత్రి బస్సెక్కి తెల్లారేసరికి బరంపురం దిగుతుంది. మెకానిక్ తమ్ముడు కూడా షెడ్డు మూసి వస్తానన్నాడు, హోంలో వాణ్ణి ఒకసారి చూడనిస్తే చూస్తాడట. ఇద్దరికీ మా ఇంట్లోనే టిఫిను. ఆరున్నరకి బస్టాండ్‌లో ఉంటాను, నీలం గొడుగు పట్టుకుని.